తెలంగాణ పదవ తరగతి పరీక్షా సంస్కరణలు - ఉపాధ్యాయ శిక్షణ

తెలంగాణ పదవ తరగతి పరీక్షా సంస్కరణలు అనగా 2014-15 విద్యా సంవత్సరం నుండి ఎస్.ఎస్.సి. పబ్లిక్ పరీక్షలలో ప్రవేశపెట్టబడిన మార్పులు. కంఠస్థం చేసిన జవాబును తిరిగి వ్రాయడానికి బదులుగా, విద్యార్థి ఆలోచించి సొంత మాటలలో వ్రాసే విధంగా పరీక్షను తీర్చిదిద్దడం వీటి ముఖ్యోద్దేశం. ప్రశ్నల తీరు మారడంతో పాఠం చెప్పే పద్ధతి, ప్రశ్నలు తయారుచేసే పద్ధతి, జవాబుపత్రాలు దిద్దే పద్ధతి కూడా మారవలసి వచ్చింది. కావున ఈ సంస్కరణల ఫలితం చాలావరకు ఉపాధ్యాయుల శిక్షణపై ఆధారపడి ఉన్నది.

నేపథ్యం

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం (2005) బట్టీ చదువులను తగ్గించి, బడి చదువును పిల్లల నిత్యజీవితంతో ముడిపెట్టాలని సూచించింది. విద్యాహక్కు చట్టం (2009) ప్రాథమిక విద్యలో నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తప్పనిసరి చేసింది. వీటికి అనుగుణంగా ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం - 2011 రూపొందింది. దాని ఆధారంగా 2012 నుండి దశలవారీగా కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పదవ తరగతి పుస్తకాలు 2014లో వెలువడ్డాయి.

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. ఆ విద్యా సంవత్సరంలోనే కొత్త పుస్తకాలు, కొత్త పరీక్షా విధానం రెండూ ఒకేసారి అమలులోకి వచ్చాయి. అందువలన ఉపాధ్యాయులు కొత్త పాఠాలను బోధిస్తూనే కొత్త ప్రశ్నల తీరును కూడా నేర్చుకొనవలసి వచ్చింది. కొత్త విధానంలో మొదటి పబ్లిక్ పరీక్షలు 2015 మార్చిలో మొదలైనాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ తరహా పబ్లిక్ పరీక్ష 2017లో మొదలైనది.

పరీక్ష స్వరూపం

ఒక్కొక్క సబ్జెక్టుకు 100 మార్కులలో 80 బాహ్య పరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు. ద్వితీయ భాష మినహా మిగిలిన వాటిలో ఉత్తీర్ణతకు బాహ్య పరీక్షలో కనీసం 28 మార్కులు, మొత్తం మీద 35 మార్కులు రావలెను. అంతర్గత మార్కులను సంవత్సరంలో జరిగే నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాల సగటుగా లెక్కిస్తారు. ప్రతి మూల్యాంకనంలో నాలుగు అంశాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి 5 మార్కులు.

* పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు
* రాత అంశాలు
* ప్రాజెక్టు పనులు
* లఘు పరీక్ష

ప్రశ్నపత్రంలోని మార్కులను పాఠాల వారీగా కాక విద్యా ప్రమాణాల వారీగా పంచడం ఈ విధానంలో ముఖ్యమైన మార్పు. ఉదాహరణకు గణితంలో సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం - నిరూపణలకు 20 శాతం, వ్యక్తపరచడానికి 10 శాతం, అనుసంధానానికి 15 శాతం, దృశ్యీకరణ - ప్రాతినిధ్యపరచడానికి 15 శాతం భారత్వం ఉన్నది. సాంఘిక శాస్త్రంలో విషయావగాహనకు 40 శాతం కాగా, మిగిలినది సమాచార నైపుణ్యాలు, పట నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన వంటి ప్రమాణాలకు చెందుతుంది. పాఠ్యపుస్తకంలోని అభ్యాస ప్రశ్నలను, గత సంవత్సరాల ప్రశ్నలను యథాతథంగా ఇవ్వరాదని కూడా నిర్దేశించారు.

ప్రశ్నల తీరులో మార్పు

సాంఘిక శాస్త్రం పదవ తరగతి పుస్తకంలో నీటి వనరుల పాఠం ఉన్నది. అందులో మహారాష్ట్రలోని హివారే బజార్ గ్రామం నీటి కొరతను ఎట్లా అధిగమించినదో వివరించారు. పాత పద్ధతిలో "హివారే బజార్‌లో చేపట్టిన చర్యలను వ్రాయండి" అని అడిగితే పాఠంలోని పేరాను అప్పజెప్పిన విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి. కొత్త పద్ధతిలో "ఆ గ్రామం పాటించిన నియమాలలో ఏవి మీ ప్రాంతంలో అమలు చేయవచ్చు? ఏవి సాధ్యపడవు? ఎందుకు?" అని అడగవచ్చు.

రెండవ ప్రశ్నకు ఏకైక జవాబు లేదు. నాగోలు వంటి నగర ప్రాంతంలోని విద్యార్థి అపార్టుమెంటులోని బోరుబావి గురించి, ఇంకుడు గుంత గురించి వ్రాస్తాడు. పల్లెలోని విద్యార్థి చెరువు గురించి, పంటల ఎంపిక గురించి వ్రాస్తాడు. రెండూ సరియైనవే కావచ్చును. అయితే దిద్దే ఉపాధ్యాయుని వద్ద జవాబుల కీ ఉంటే చాలదు. పాఠంలోని విషయం అర్థమైనదా, దానిని తన పరిసరాలకు అన్వయించాడా, చెప్పినదానికి కారణం చూపాడా అను సూచికలు ముందే నిర్ణయించుకొనవలెను. లేనిచో ఒకే జవాబుకు ఒకరు నాలుగు, మరొకరు రెండు మార్కులు వేసే ప్రమాదం ఉన్నది.

ఉపాధ్యాయ శిక్షణ

శిక్షణ బాధ్యత ప్రధానంగా రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థది. శిక్షణ అంచెలవారీగా జరుగుతుంది. రాష్ట్రస్థాయిలో తయారైన వనరుల బృందం జిల్లాల వారికి, వారు తమ ప్రాంతంలోని ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తారు. ఉపగ్రహ ప్రసారాల ద్వారా పాఠాలు అందించే మన టీవీని కూడా ఉపాధ్యాయ శిక్షణకు వినియోగించారు. ఇది 2017లో టి-శాట్‌గా మారినది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఒకే సబ్జెక్టు బోధించే ఉపాధ్యాయులు కలిసి చర్చించుకొనే వేదికలు.

ఉపాధ్యాయులు కొత్తగా అలవరచుకొనవలసిన నైపుణ్యాలు ముఖ్యంగా ఇవి:

* విద్యా ప్రమాణాల భారత్వ పట్టిక ప్రకారం ప్రశ్నపత్రాన్ని తయారుచేయడం
* ఆలోచింపజేసే ప్రశ్నలను తరగతిలో నిత్యం అడగడం
* బహుళ సమాధానాలున్న ప్రశ్నలను సూచికల ఆధారంగా దిద్దడం
* ప్రాజెక్టులను, నోటుపుస్తకాలను పరిశీలించి అంతర్గత మార్కులకు ఆధారాలు భద్రపరచడం

అంచెలవారీ శిక్షణలో ఒక లోపం ఉన్నది. అంచె దిగిన కొద్దీ విషయం పలుచబడుతుంది. చివరి అంచెకు చేరేసరికి మార్కుల పట్టికలు, నింపవలసిన రిజిస్టర్లు మిగిలి, ప్రశ్న తయారుచేసి దిద్ది చూసే సాధనకు సమయం తగ్గిపోతుంది.

నగర ప్రాంతాలలో పరిస్థితి

నాగోలు హైదరాబాదుకు తూర్పున, మూసీ నది సమీపంలో ఉన్న ప్రాంతం. ఉప్పల్ మండలానికి చెందిన ఈ ప్రాంతం 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనకు ముందు రంగారెడ్డి జిల్లాలో ఉండగా, తరువాత మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరినది. నాగోలు, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలలో ప్రైవేటు పాఠశాలలు అనేకం ఉన్నవి. వాటి విద్యార్థులు కూడా అదే పబ్లిక్ పరీక్ష వ్రాస్తారు. ప్రభుత్వ శిక్షణలు మాత్రం ప్రధానంగా ప్రభుత్వ, స్థానిక సంస్థల ఉపాధ్యాయులను ఉద్దేశించినవి. ప్రైవేటు ఉపాధ్యాయుల సన్నద్ధత యాజమాన్యం శ్రద్ధపై ఆధారపడుతుంది. తక్కువ జీతానికి పనిచేస్తూ తరచు బడి మారే ఉపాధ్యాయునికి శిక్షణ అందడం మరింత కష్టం. ఆ ఖాళీని గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు పూరిస్తాయి. "మీ సొంత మాటలలో వ్రాయండి" అను ప్రశ్నకు సైతం ముద్రించిన జవాబు దొరికినప్పుడు, పరీక్ష మారినా చదువు మారలేదనే చెప్పవలెను.

విమర్శలు, తదుపరి మార్పులు

అంతర్గత మార్కులపై విమర్శలు ఎక్కువగా వచ్చాయి. తగిన ఆధారం లేకుండా 20కి 20 వేస్తే నిజాయితీగా దిద్దిన పాఠశాల విద్యార్థి నష్టపోతాడు. దీనిని నివారించుటకు పాఠశాలల రికార్డులను తనిఖీ బృందాలు పరిశీలించే ఏర్పాటు ఉన్నది.

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదవ తరగతి అంతర్గత మార్కులను తొలగించింది. తెలంగాణలో కోవిడ్ కారణంగా 2020లో కొన్ని పరీక్షలు జరిగిన పిమ్మట మిగిలినవి రద్దయినప్పుడు, అంతర్గత మార్కులే గ్రేడులకు ఆధారమైనాయి. అంతవరకు 11గా ఉన్న పేపర్ల సంఖ్య 2022 నుండి 6కు తగ్గినది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం అంతర్గత మార్కులను తొలగించి 100 మార్కులకు పరీక్ష జరపాలని ప్రకటించి, వెంటనే దాని అమలును మరుసటి విద్యా సంవత్సరానికి వాయిదా వేసింది. 2025లో ఆ నిర్ణయాన్ని మార్చి, 80-20 విధానాన్నే కొనసాగించింది.

ఈ మార్పుల వెనుక ఉన్నది ఉపాధ్యాయుని తీర్పును ఎంతవరకు నమ్మవచ్చును అను ప్రశ్న. అయితే అంతర్గత మార్కులను తొలగించినంత మాత్రాన ఈ ప్రశ్న తీరిపోదు. బాహ్య పరీక్షలోని జవాబుపత్రాలను స్పాట్ వాల్యుయేషన్ కేంద్రాలలో దిద్దేది కూడా ఉపాధ్యాయులే. ప్రశ్న ఎంత లోతుగా ఉంటే దిద్దేవారికి అంత సాధన అవసరం. ఆ సాధన పరీక్షల నెలలో కాక, సంవత్సరం పొడవునా తరగతి గదిలోను, తోటి ఉపాధ్యాయులతో కలిసి జవాబులు దిద్ది పోల్చుకొనే సమావేశాలలోను జరగవలసి ఉన్నది.