డెల్టా రైతు కుటుంబం నుండి విప్లవ రాజకీయాలకు: మాకినేని బసవపున్నయ్య

మాకినేని బసవపున్నయ్య 1914 డిసెంబరులో నాటి గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా తూర్పుపాలెంలో ఒక మధ్యతరగతి రైతు కుటుంబంలో జన్మించారు. 1964లో ఏర్పడిన సి.పి.ఐ.(ఎం) తొలి పొలిట్‌బ్యూరోలోని తొమ్మిదిమందిలో ఆయన ఒకరు. ఆయన రాజకీయ దృక్పథానికి మూలాలు వెదికేవారు సాధారణంగా కులం దగ్గరే ఆగిపోతారు. ఆంధ్ర కమ్యూనిస్టు ఉద్యమాన్ని కమ్మ, రెడ్డి కులాల పోటీగా చూసిన సెలిగ్ హారిసన్ 1956 నాటి వ్యాసం ఇందుకు దారి వేసింది. ఆ వివరణలో కొంత నిజం ఉంది గాని, అది చాలదు.

1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట తెనాలి, రేపల్లె ప్రాంతాలను వరి మాగాణులుగా మార్చింది. భూమి గల రైతు తన కొడుకును కళాశాలకు పంపగలిగాడు. అదే పొలంలో నాట్లు వేసిన దళిత కూలీకి ఆ నీటి వల్ల దక్కింది స్వల్పం. అదే కాలంలో తెనాలిలో న్యాయవాదిగా స్థిరపడిన త్రిపురనేని రామస్వామి రచనలు పురాణ ప్రామాణ్యాన్ని ప్రశ్నించడం చదువుకున్న రైతుబిడ్డలకు అలవాటు చేశాయి. బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో 1922లో గ్రామాధికారులు రాజీనామాలిచ్చి, రైతులు శిస్తు నిరాకరించారు. ఉద్యమం ఉధృతంగా ఉండగానే దానిని విరమించవలసి వచ్చింది. అప్పటికి బసవపున్నయ్యకు ఏడేళ్లు. కనుక ఇది ఆయన స్వానుభవం కాదు, ఆయన పెరిగిన పరిసరం మాత్రమే. స్వానుభవం 1930 తరువాతిది. ధాన్యం ధరలు పడిపోయిన ఆర్థికమాంద్యంలో, శిస్తు పెంపుపై ఆందోళనల నడుమ ఆయన జాతీయోద్యమంలోకి వచ్చారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివారు. 1934లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు.

ఇక్కడ ఎన్.జి. రంగాతో పోలిక అవసరం. రంగా స్వగ్రామం నిడుబ్రోలు తూర్పుపాలేనికి దూరమేమీ కాదు. కులమూ, రైతు కుటుంబ నేపథ్యమూ ఒకటే. అయినా రంగా 1959లో స్వతంత్ర పార్టీ వ్యవస్థాపక అధ్యక్షులయ్యారు. రంగా దృష్టిలో రైతాంగం మొత్తంగా ఒక సమూహం. బసవపున్నయ్య దృష్టిలో అది ధనిక, మధ్య, పేద శ్రేణులుగా చీలినది. పుట్టిన నేల ఇద్దరికీ ఒకే ప్రశ్నను ఇచ్చింది, సమాధానాన్ని కాదు. స్థానికాభిమానమే నిర్ణాయకమైతే 1942 కూడా అర్థం కాదు. ఆ ఏడాది ఆగస్టు 12న తెనాలి కాల్పుల్లో ఏడుగురు మరణించారు. కమ్యూనిస్టు పార్టీ మాత్రం 'ప్రజాయుద్ధం' విధానంతో క్విట్ ఇండియాకు దూరంగా నిలిచింది.

డెల్టా ముద్ర అసలు కనిపించేది 1948 నాటి 'ఆంధ్ర థీసిస్'లో. మధ్యరైతు విప్లవానికి దృఢమైన మిత్రుడనీ, ధనిక రైతును కనీసం తటస్థంగా ఉంచవచ్చుననీ ఆంధ్ర నాయకత్వం వాదించింది. రణదివే దీనిని తీవ్రంగా ఖండించారు. దానిని సంపన్న రైతుల స్వార్థంగా కొట్టివేయడం తేలికే. అయితే మధ్యరైతును శత్రువుగా ఎంచితే గ్రామంలో ఉద్యమం నిలవదన్న అంచనా డెల్టా పల్లెల్లో పనిచేసిన వారికి పుస్తకాల నుండి వచ్చింది కాదు. 1951లో అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావులతో కలిసి బసవపున్నయ్య మాస్కోలో స్టాలిన్‌ను కలిసినప్పుడు, చైనా మార్గాన్ని భారతదేశానికి యథాతథంగా వర్తింపజేయడం కుదరదన్న అభిప్రాయం ఎదురైంది. ఆ అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. మరుసటి ఏడాది బసవపున్నయ్య రాజ్యసభ సభ్యులయ్యారు.