నొప్పి లేదని ఊరుకోకండి!

పండక్కి పుట్టింటికి వెళ్తుంటారు. పిండివంటలూ, చీరల కబుర్లూ ఎలాగూ ఉంటాయి. ఈసారి ఇంకో పని కూడా పెట్టుకోండి. అమ్మమ్మనో, మేనత్తనో వెలుగులో కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి ఒక్కసారి నోట్లోకి చూడండి. ముఖ్యంగా వాళ్ళకి చుట్ట, ఖైనీ, గుట్కా, కిళ్ళీలో పొగాకు లాంటి అలవాట్లుంటే.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాల్చడం తరతరాల అలవాటు. దాన్నే అడ్డపొగ అంటారు. అలా కాలిస్తే గాలికి ఆరిపోదు, తడి చేతులతో పని చేసుకుంటున్నా ఇబ్బంది ఉండదు. కానీ ఆ వేడీ, పొగా తిన్నగా అంగిలికే తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించి, ఆ వివరాలు 1971లో ప్రచురించారు. అంగిలి మీద మచ్చలు, పుండ్లు ఎక్కువగా అడ్డపొగ తాగేవాళ్ళలోనే కనబడ్డాయి.

‘నొప్పి లేదు కదే, వేడి చేసిందంతే’ అంటారు పెద్దవాళ్ళు. చిక్కంతా అక్కడే ఉంది. మామూలు నోటిపూత మంట పెడుతుంది, వారం పది రోజుల్లో మానుతుంది. క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పే ఉండదు. నొప్పి మొదలయ్యేసరికి జబ్బు ముదిరిపోవచ్చు.

ఏమేం గమనించాలి?

* నోట్లో: రెండు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, మెడ దగ్గర గడ్డ.

* రొమ్ములో: నొప్పి లేకపోయినా సరే గట్టిగా తగిలే గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, దానినుంచి రక్తం కారడం.

* గర్భాశయ ముఖద్వారం: ముట్లు ఆగిపోయిన ఏడాదికో, రెండేళ్ళకో మళ్ళీ రక్తం కనబడటం, భర్తతో కలిశాక రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట.

ఇవన్నీ క్యాన్సరేనని కాదు, కంగారు పడకండి. కాదని తేల్చాల్సింది మాత్రం డాక్టరే. పసర్లు రాస్తూ నెలలు గడపకండి.

ఎక్కడికి వెళ్ళాలి?

మీ ఊరి ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎమ్‌నో అడగండి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. అనుమానం ఉంటే డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ‘కత్తి తగిలితే జబ్బు పాకుతుంది’ అన్నది ఉత్త భయం. ఆ పరీక్ష లేకుండా జబ్బేదో తెలీదు. ఖర్చని వెనక్కి తగ్గొద్దు. అర్హత ఉన్న కుటుంబాలకి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల కింద క్యాన్సర్ చికిత్స ఉంది. వెళ్ళేటప్పుడు కార్డులు మర్చిపోకండి.

చుట్ట మానమంటే అమ్మమ్మ కసురుకుంటుంది. అయినా చెప్పండి. మానేస్తే తెల్లమచ్చలు కొందరిలో తగ్గుతాయి కూడా.

ఇక పల్లెల్లో అందరూ అనేమాట ఒకటుంది: ‘కోతలయ్యాక చూపించుకుంటాలే.’ కోతలయ్యాక నూర్పిళ్ళు, ఆ తర్వాత మనవరాలి పెళ్ళి. పుండు మాత్రం ఆగదు. అందుకే ‘వెళ్ళి చూపించుకో’ అని చెప్పి ఊరుకోకుండా, మీరే రోజు ఖాయం చేసి, తోడుగా వెళ్ళండి.