చెప్పని వలపు - మోయు ధర్మము

వలపును మనసున దాచుకొని ధర్మమును నెరవేర్చు స్త్రీని మన కావ్యములు మిక్కిలి కొనియాడినవి. ఆ మౌనము ఆమె తానై కోరినదా, ఇతరులు మోపినదా యని మాత్రము మనము తరచుగా విచారింపము.

మా మియాపురమునుండి మెట్రో బండిలో కొలువులకు పోవు యువతులు చేతిఫోనులలో చూచు జపాను యానిమే చిత్రములందును ఈ విషయమే కానవచ్చుచున్నది. వానిలో 'వెర్సాయి గులాబి' ప్రసిద్ధము. రియోకో ఇకెడా యను రచయిత్రి 1972లో బాలికల పత్రికయందు దీనిని బొమ్మలకథగా ఆరంభించిరి. 1979లో 40 భాగముల యానిమేగా ప్రదర్శితము కాసాగెను.

కథ ఫ్రాన్సు విప్లవమునాటిది. మగసంతతి లేని సేనాని యొకడు తన కడపటి కూతునకు ఆస్కరు అను మగపేరుపెట్టి, మగబిడ్డవలె పెంచును. ఆమె మరీ ఆంట్వానెట్టు రాణి కొలువున రక్షకదళమునకు నాయకురాలగును. దాది మనుమడు ఆంద్రే ఆమెను ప్రేమించియు, తాను సేవకుడనను తలపుచే పలుకడు. ఆమెయు రాణి ప్రియుడగు ఫెర్సనును మూగగా వలచును.

ఆంద్రే మౌనమును మేము పూర్తిగా మెచ్చజాలము. ఏండ్లకొలది అణచిన మాట ఒకనాడు బలాత్కారమై ఆమెపై బడెను. అతడు వెంటనే పశ్చాత్తప్తుడయ్యెను. తుదకు ఆస్కరు ప్రజల పక్షము చేరినది. ఇరువురును మనసులు విప్పి చెప్పుకొనిరి. కాని వ్యవధి లేకపోయెను. 1789 జులై 13న అతడును, 14న బాస్తీలు కోటకడ ఆమెయు నేలకొరిగిరి.

మన తెలుగున 1951లో బి.ఎన్. రెడ్డిగారు తీసిన 'మల్లీశ్వరి' ఇట్టిదే. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలు, పాటలు వ్రాసిరి. మల్లి తన బావ నాగరాజును వలచినది. కృష్ణదేవరాయల యంతఃపురమునుండి పల్లకి రాగా, సంపదకు మురిసిన తల్లి బిడ్డ మనసు విచారింపలేదు. రాణివాసమున చేరిన స్త్రీ పరపురుషుని చూడరాదు. అచటి మౌనము ధర్మము కాదు, చెరయే. రాయలు క్షమించుటచే గాని వారు బ్రతుకలేదు.

సోదరీమణులారా! రాణివాసములు పోయినవి. కాని కొలువుచేసి సంపాదించు కూతుండ్లలోను కొందరు, సంబంధమువారు వచ్చినపుడు తలవంచుకొని యూరకుందురు. మౌనము అర్ధాంగీకారమని మనము సంతసింతుము. మిగిలిన సగమేమైనదో ముహూర్తమునకు ముందే, నలుగురిలో గాక ఏకాంతమున, కోపింపక యడుగుడు. ఆమె చెప్పినది మనకు రుచింపకున్నను తుదివరకు వినుడు. బిడ్డ ధర్మమును గూర్చి పలుకుటకు ముందు తల్లి నెరవేర్పవలసిన ధర్మ మిదియే యని మా యభిప్రాయము.