సంబంధ నిర్వాహకులు: ఎంపిక, ప్రోత్సాహం

మన కళాశాలలో పట్టం పుచ్చుకొని వెళ్ళిన విద్యార్థులు కొందరు ఇటీవల బ్యాంకులలోను, బీమా సంస్థలలోను ‘రిలేషన్‌షిప్ మేనేజరు’ అనే ఉద్యోగంలో చేరుతున్నారు. ఈ పదవికి తెలుగులో మాట ఇంకను స్థిరపడలేదు. ‘సంబంధ నిర్వాహకుడు’ అందామంటే, సంబంధం అన్న మాట వినగానే మన ఇళ్ళలో పెండ్లి సంబంధమే స్ఫురిస్తుంది. ఆ స్ఫురణ పూర్తిగా అసంగతమూ కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధం కుదిర్చి, తన రుసుము పుచ్చుకొని మరొక ఇంటికి తరలిపోతాడు. అతనికి ప్రతిఫలం పెండ్లికే గాని కాపురానికి కాదు. ఖాతాదారునికి, సంస్థకు నడుమ నిలిచే ఉద్యోగిని ఎట్లా ఎన్నుకోవాలి, అతనిలో ఉత్సాహం ఎట్లా నిలపాలి అన్న చర్చ అంతా ఈ భేదం చుట్టూనే తిరుగుతుంది.

ఉద్యోగం పేరు కొత్తది, పని పాతది. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థల వ్యాపారాన్ని ఏకం చేసి జీవిత బీమా సంస్థను నెలకొల్పిన నాటి నుండి గ్రామాలలో ఈ పనిని ఏజెంట్లు చేస్తూనే ఉన్నారు. వారిని వెదకి, చేర్చుకొని, వెన్ను తట్టి నడిపించే బాధ్యత డెవలప్‌మెంట్ ఆఫీసరుది. ఊరిలో పదిమందికి తెలిసినవాడు, పిలిస్తే అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చే ఇళ్ళు నాలుగు ఉన్నవాడు అతని కంటికి ముందుగా ఆనుతాడు.

ఏజెంటుకు ముట్టే కమీషను లెక్క విద్యార్థులు శ్రద్ధగా గమనించదగినది. చిరకాలం అమలులో ఉండిన బీమా చట్టం ప్రకారం తొలి సంవత్సరపు ప్రీమియంపై గరిష్ఠంగా 35 శాతం, రెండు, మూడు సంవత్సరాలలో 7.5 శాతం, ఆపైన 5 శాతం ఇవ్వవచ్చును. ఏడాదికి 10,000 రూపాయల ప్రీమియం గల పాలసీపై ఆ గరిష్ఠపు లెక్కన మొదటి ఏట 3,500 రూపాయలు, తక్కిన తొమ్మిదేండ్లకు కలిపి 5,000 రూపాయలు వస్తాయి. ఓపిక గల ఏజెంటు ఆ 5,000 కొరకు ఏటేటా ఆ ఇంటి గడప తొక్కుతాడు, కష్టసుఖాలు విచారిస్తాడు. తొందరపాటు గలవాడు ఆ ఇంటిని విడిచి మరొక 3,500 కొరకు పక్కవీధికి పోతాడు. ఒకే నిబంధన ఇద్దరినీ పోషిస్తున్నది. కాని మొదటి ఏటి మొత్తం పెద్దదైనందున రెండవవానివైపే కొంత మొగ్గు ఉన్నదని నా అభిప్రాయం.

డబ్బు ప్రసక్తి లేకుండానే మనుషులు ఈ పనికి పూనుకున్న సందర్భం మన నెల్లూరు జిల్లాలోనే ఉన్నది. 1990వ దశకపు తొలి సంవత్సరాలలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు రాత్రి బడులలో చదువు చెప్పినవారు జీతగాళ్ళు కారు. ఆ యా ఊళ్ళలోని స్వచ్ఛంద కార్యకర్తలు. దూబగుంట రోశమ్మ పేరుతో ముడిపడిన 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం ఆ బడుల నుండే ఊపిరి పోసుకున్నది. సారాకు పోయే డబ్బు ఇంట మిగిలినప్పుడు రోజుకొక రూపాయి చొప్పున దాచుకొనే పొదుపులక్ష్మి సంఘాలు వెలిశాయి. సంఘ నాయకురాలిని పై అధికారి నియమించలేదు, సభ్యులే ఎన్నుకున్నారు. రూపాయి తీసుకొన్న మనిషి మరునాడు నీళ్ళ బిందెతో ఎదురుపడుతుంది కదా!

తరువాత వచ్చిన సూక్ష్మరుణ సంస్థలు ఈ సంఘాల పద్ధతినే అనుసరించినా ప్రోత్సాహానికి వేరొక మార్గం తొక్కాయి. అనేక సంస్థలలో క్షేత్ర ఉద్యోగి ఎందరికి అప్పు ఇచ్చాడు, వారం వారం ఎంత వసూలు చేశాడు అన్న అంకెలే అతని యోగ్యతకు కొలమానాలైనాయి. హైదరాబాదులో స్థాపితమైన ఎస్.కె.ఎస్. సంస్థ వాటాలు 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్టుకు ఎక్కాయి. వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న ఆరోపణలు చెలరేగగా అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, బలవంతపు వసూళ్ళను నిషేధించింది. అనంతరం రాష్ట్రంలో ఆ వ్యాపారం దాదాపు స్తంభించింది. ఆ ఉద్యోగులు దుర్మార్గులని నేను అనను. వారిలో అధికులు మన విద్యార్థుల వంటి పల్లెటూరి యువకులే. దేనికి జీతం ఇచ్చారో దానినే చేశారు.

అట్లయితే స్థానికులనే నియమిస్తే సరిపోతుందా? అదియును నిష్కంటకం కాదు. బంధువుకు చూపే మొగమాటం ఖాతా పుస్తకానికి చేటు. సూక్ష్మరుణ సంస్థలు ఉద్యోగిని సాధారణంగా స్వగ్రామంలో వేయకపోవడానికి, బ్యాంకులు అధికారులను కొన్నేండ్లకొకసారి బదిలీ చేయడానికి కారణం ఇదే. పరిచయం కావాలి, పక్షపాతం కూడదు. కాబట్టి ఎంపికలో మాటకారితనం కన్న వినే ఓర్పును, ‘ఇది మీకు తగదు’ అని చెప్పగల ధైర్యాన్ని పరీక్షించాలి. ఈ రెండవ గుణం ఇంటర్వ్యూలో తేలడం కష్టమే.

ఒక చిన్న విషయం. ఖాతా, జమ, వసూలు, బాకీ, జామీను అనే మాటలన్నీ పారశీ, ఉర్దూల ద్వారా తెలుగులో కలిసిపోయాయి. కాని ఉర్దూలో నమ్మకాన్ని తెలిపే ‘ఏతబార్’ మన వాడుకలోకి రాలేదు. ఆ స్థానంలో ‘పరపతి’ నిలిచింది. అప్పు పుట్టే శక్తికీ, ఊరిలోని గౌరవానికీ ఒకే మాట!

అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడెరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో వెలువరించిన గ్రంథంలో, చాలీచాలని జీతం అసంతృప్తి కలిగిస్తుందనీ, చాలినంత జీతం మాత్రం తనంత తాను ఉత్సాహం పుట్టించదనీ ప్రతిపాదించాడు. ఇది నాకు ఒక పూర్వ విద్యార్థి విషయంలో అనుభవానికి వచ్చింది. అతడు ఒక ప్రైవేటు బ్యాంకులో చేరాడు. జీతానికి కొరత లేదు. నెలాఖరున లెక్క తక్కువ పడినందున, కొడవలూరులో తాను చిన్ననాటి నుండి చాచా అని పిలిచే ఒక విశ్రాంత ఉపాధ్యాయుని డిపాజిట్టు సొమ్మును దీర్ఘకాలపు బీమా పాలసీలోకి మళ్ళించాడు. ఆయన కాగితాలు చదవకుండానే సంతకం చేశాడు. రెండు వారాల తరువాత మా ఇంటికి వచ్చి, “సార్, ఆ వీధిన నడవలేకున్నాను” అన్నాడు. పాలసీ పత్రం అందిన 30 రోజులలోగా తిప్పి పంపే హక్కు ఉన్నదని గుర్తుచేశాను. ఆ దరఖాస్తును అతడే నింపి, చాచాతో సంతకం చేయించాడు. సొమ్ము స్వల్ప కోతతో తిరిగి వచ్చింది. ఆ నెల అతని అంకె మరింత పడిపోయింది. కొద్ది కాలానికి ఉద్యోగమూ విడిచాడు.

మరొక సంస్థకు ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు అతడు మూడు ప్రశ్నలు అడిగాడట. జీతంలో స్థిరభాగం ఎంత? ఖాతాదారుడు మూడేండ్లు నిలిచితే నాకు దక్కేదేమిటి? తగదని చెప్పి ఒకరిని వెనుకకు పంపితే నా లెక్కలో అది ఎట్లా వ్రాస్తారు? మూడవ ప్రశ్నకు అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారట. ఉద్యోగం మాత్రం ఇచ్చారు.