పుట్టబోయే పాపాయికి పచ్చని తొట్టి

తొలిచూలు కబురు ఫోన్లో విశాఖపట్నానికో వరంగల్‌కో చేరిన మర్నాటి నుంచే సలహాలు మొదలవుతాయి. ఏం తినాలి, ఎటు తిరిగి పడుకోవాలి, ఎన్నో నెలలో సీమంతం చేయాలి... ఇవన్నీ అమ్మ, అత్తగారు చూసుకుంటారు. కానీ కౌలాలంపూర్‌లో ఏ షాపింగ్ మాల్‌కు వెళ్ళినా ఎదురయ్యే ప్రశ్నకు మాత్రం వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. తెల్లటి తొట్టి, దానికి జోడీగా సొరుగుల బీరువా, బట్టలు మార్చే బల్ల, పాలిచ్చే కుర్చీ... అన్నీ కలిపి ఒకే సెట్టు. దాని మీద ‘ఎకో ఫ్రెండ్లీ’ అన్న ఆకుపచ్చ స్టిక్కరు. ఆ స్టిక్కరును నమ్మవచ్చా? అసలు అన్నీ కొనాలా?

భూమికి మేలు చేసేదీ, పాపాయికి మేలు చేసేదీ వేరువేరు కావు. చాలాసార్లు రెండూ ఒకటే. అయితే స్టిక్కరు చూసి కాదు, చెక్క చూసి ఎంచుకోవాలి.

ముందు జాబితా తగ్గించండి

కనీసం మొదటి ఆరు నెలలు పసిబిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, తనకంటూ వేరే పడక మీద నిద్రపోవడం మంచిదని పిల్లల వైద్యులు చెబుతున్నారు. అంటే మొదట్లో ప్రత్యేకంగా ఒక గదిని అలంకరించాల్సిన అవసరమే లేదు. నిజంగా కావలసినవి చదునైన, గట్టి పరుపు ఉన్న తొట్టి, బట్టలు పెట్టుకోవడానికి నాలుగు సొరుగులు, నడుము ఆనించుకోవడానికి ఒక కుర్చీ. బట్టలు మార్చడానికి మంచం మీదో, నేల మీదో ఒక చాప వేసుకుంటే చాలు. కింద పడుతుందన్న భయం కూడా నేల మీద ఉండదు.

రెండు మూడేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చిన మనలాంటి కుటుంబాలకు ఇంకో సంగతి. తొట్టి బోల్టులు విప్పి, మళ్ళీ బిగించడానికి వీలైనదిగా ఉండాలి. ఊరు మారినా వెంట వస్తుంది, మారకపోతే ఇంకో ఇంటికి వెళుతుంది.

మన ముంగిట్లోని చెట్టు

మలేసియాలో పర్యావరణానికి హాని చేయని చెక్క కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. హైవే పక్కన వరసలు వరసలుగా కనబడే రబ్బరు చెట్టే అది. 1877లో సింగపూర్‌కు చేరిన కొద్దిపాటి మొక్కలతో ఈ ప్రాంతంలో రబ్బరు సాగు మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తరాంధ్ర నుంచీ, గోదావరి తీరం నుంచీ ఓడలెక్కి వచ్చిన తెలుగు కూలీలు ఎందరో ఈ తోటల్లోనే పనిచేశారు. తెల్లవారకముందే లేచి చెట్టు చెట్టుకీ గీత పెట్టి పాలు పట్టారు. ఇక్కడి పాత తెలుగు కుటుంబాలలో చాలామంది వాళ్ళ సంతతే.

రబ్బరు చెట్టు సుమారు 25 నుంచి 30 ఏళ్ళు పాలిస్తుంది. పాలు తగ్గాక చెట్టు కొట్టి కొత్త మొక్క నాటుతారు. ఒకప్పుడు ఆ మాను వంటచెరుకుగానో, తోటలోనే కాల్చేయడానికో తప్ప పనికొచ్చేది కాదు. 1980ల నుంచి అదే ఫర్నిచర్‌గా మారింది. జొహోర్ రాష్ట్రంలోని మువార్ పట్టణం ఆ పరిశ్రమకు పేరుమోసింది. తొట్టి కోసం అడవిని నరకనక్కరలేదు, తన పని ముగించుకున్న తోట చెట్టు చాలు.

లేత మీగడ రంగులో ఉండే ఈ చెక్కకు ఒక బలహీనత ఉంది. బూజు, పురుగు త్వరగా పడతాయి. అందుకే కొట్టిన కొద్ది రోజుల్లోనే బోరాన్ లవణాల ద్రావణం ఎక్కించి బట్టీల్లో ఆరబెడతారు. కాబట్టి ‘కెమికల్స్ అసలే లేని రబ్బరు చెక్క’ అని ఎవరైనా అంటే కాస్త ఆలోచించండి. పళ్ళు వచ్చే వయసులో పిల్లలు తొట్టి అంచు కొరుకుతారు గనక, పైన నీటి ఆధారిత, పసిపిల్లల సామానుకు తగిన పూత ఉందేమో అడగండి. అంచుల దగ్గర రంపపు పళ్ళలా అతుకులు కనిపిస్తే కంగారు పడకండి. చిన్న ముక్కలను అలా కలిపి పలకలు చేయడం రబ్బరు చెక్కకు మామూలే.

వేరే చెక్క అయితే ఎఫ్‌ఎస్‌సి లేదా పీఈఎఫ్‌సీ గుర్తు చూడండి. మలేసియా సొంత ధ్రువీకరణ పథకానికి 2009లో పీఈఎఫ్‌సీ గుర్తింపు వచ్చింది. దుకాణదారు నోటిమాట కన్నా ఈ గుర్తులు నయం.

జిగురు సంగతి

చవక సెట్లలో ఎక్కువ భాగం చెక్క కాదు. రంపపు పొట్టునూ, పీచునూ జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్. వీటిలో సాధారణంగా వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు మెల్లగా వెలువడుతుంది. కొత్త బీరువా తెరవగానే కళ్ళు మండించే వాసనలో దాని పాలు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. వేడి, తేమ పెరిగితే ఇది మరింత వెలువడుతుంది. మన వాతావరణంలో ఆ రెండింటికీ కొదవలేదు. పొగమంచులా హేజ్ కమ్ముకున్న 2015, 2019 సంవత్సరాల్లోలా కిటికీలన్నీ మూసుకోవాల్సి వస్తే ఆ గాలంతా గదిలోనే ఉండిపోతుంది.

బోర్డు కొనక తప్పకపోతే యూరోపియన్ ప్రమాణం ఈ1 గానీ, జపాన్ వారి నాలుగు నక్షత్రాల ఎఫ్ గుర్తు గానీ ఉన్నది తీసుకోండి. వీటిలో జపాన్ వారిదే ఎక్కువ కఠినమైనది. అంచులు, వెనక భాగం కూడా పూర్తిగా మూసి ఉండాలి. విప్పి ఉన్న అంచుల నుంచే వాయువు ఎక్కువగా వస్తుంది.

‘ముందే కొనకూడదు’ అంటే?

కొత్త ఫర్నిచర్‌ను కాన్పుకు నెలా, నెలన్నర ముందే బిగించి, కిటికీలు తెరిచి, సొరుగులు బయటికి లాగి గాలికి ఉంచాలి. మన ఇళ్ళలోనేమో బిడ్డ పుట్టకముందు ఏదీ కొనకూడదంటారు. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి ఉయ్యాలలో వేసేదాకా ఆగమంటారు. ఫోన్లో అత్తగారితో ఈ విషయమై వాదన పెట్టుకోవాలని ఏ కోడలికీ ఉండదు.

దారి లేకపోలేదు. తొట్టిని మీ పేర ఆర్డరు చేసి స్నేహితుల ఇంట్లో దింపించండి. వాళ్ళ ఇంట్లో గాలికి ఆరుతుంది, కాన్పయ్యాక మీ ఇంటికి వస్తుంది. లేదా ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. పురిటిబిడ్డకు మొదట పాతబట్టే తొడగాలన్నదీ మన పెద్దల మాటే కదా! పాత తొట్టి వాసన ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, కొత్తగా ఏ చెట్టూ కొట్టక్కర్లేదు. పెద్దల మాటా నిలుస్తుంది.

పాత తొట్టి తీసుకునేటప్పుడు

* కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు.
* పక్క కిందికి జారే రకం వద్దు. పిల్లలు ఇరుక్కుని ప్రాణాలు పోవడంతో 2011లో అమెరికాలో వీటి అమ్మకాన్ని నిషేధించారు.
* పరుపుకూ, చట్రానికీ మధ్య రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదు.
* బోల్టులన్నీ ఉండాలి. ఒక్కటి పోయినా అసలు రకమే తెప్పించండి, తాడుతో కట్టకండి.
* రంగు పెచ్చులూడుతుంటే వద్దనండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, అది పిల్లల మెదడుకు చేటు. ఇండియాలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు కట్టడి చేసిన నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మమ్మగారి ఇంటి రంగుల ఉయ్యాల అంతకు ముందుది కావచ్చు. గర్భిణులు పాత రంగును గీకే పని, కొత్త రంగు వేసే పని పెట్టుకోకూడదు.

ఉయ్యాల, ఆవాల దిండు

మన చీర ఉయ్యాలకు చుట్టమే ఇక్కడి సారోంగ్ ‘బువాయన్’. స్ప్రింగుకు వేలాడే బట్ట ఉయ్యాలలు చాలా మలేసియా ఇళ్ళలో కనిపిస్తాయి. బట్ట వంపులో పసిబిడ్డ గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి ఇబ్బంది కావచ్చు. అందుకే బారసాల వేడుకకూ, జోలపాటకూ మీరు పక్కనే ఉండగా వాడుకుని, నిద్రపోయిన బిడ్డను చదునైన తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టండి. ఆవాల దిండు, మెత్తటి బొంత, తొట్టి చుట్టూ కట్టే మెత్తలు ఏవీ తొట్టిలో ఉండకూడదు. ఈ మెత్తల అమ్మకాన్నీ అమెరికా 2022లో నిషేధించింది. ఇవి కొనకపోవడమే మేలు, డబ్బూ మిగులుతుంది.

పాపాయి కాస్త ఎదిగాక ఊరి బొమ్మ ఇవ్వాలనిపిస్తే ఏటికొప్పాక లక్కబొమ్మలు ఉన్నాయి. అంకుడు కర్రతో చేసి, మొక్కల నుంచి తీసిన రంగులు అద్దుతారు. ఆ సహజ రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చిన్న చిన్న భాగాలు ఊడి రాని బొమ్మ చూసి తీసుకోండి.

పిల్లలూ, మీకో పని!

ఇంట్లో బల్ల అంచు జాగ్రత్తగా చూడండి. పైనున్న చెక్క గీతలు అంచు మీదుగా కిందికి కొనసాగితే అది అసలు చెక్క. గీతలు అంచు దగ్గర ఆగిపోతే పైన అంటించింది కాగితమో సన్‌మైకానో! తర్వాత స్కేలు తీసుకుని మీరు చిన్నప్పుడు పడుకున్న తొట్టి కమ్మీల సందు కొలవండి. 6 సెంటీమీటర్ల లోపే ఉంటే అమ్మానాన్నలతో ఒక మాట చెప్పండి. కొత్త పాపాయి రాబోతున్న ఇల్లు మన సంఘంలో ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది. మీ తొట్టి ఆ ఇంటికి వెళ్ళవచ్చు.

కాబోయే అమ్మానాన్నలందరికీ శుభాకాంక్షలు. తల్లీబిడ్డలు క్షేమంగా ఉండాలి.