రెండూ ఒకేలా ఉన్నాయ్... ఏ రైఫిల్ కొనాలి?

పది మీటర్ల దూరంలో ఆవగింజలో సగం కూడా లేని ఒక చుక్క. సైజు సరిగ్గా అర మిల్లీమీటరు. నిలబడి, ఐదు కిలోల దాకా బరువున్న రైఫిల్‌ని భుజానికి ఆనించి, ఆ చుక్కనే అరవై సార్లు కొట్టాలి. టైమ్ 75 నిమిషాలు. ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చింది ఇందులోనే. ఆ తర్వాత పిస్టల్‌లో ఈషా సింగ్ కూడా వెలుగులోకి వచ్చాక, మన ఊళ్లో "మా పిల్లని షూటింగ్‌లో చేర్పిద్దామా?" అనే ఇళ్లు పెరిగాయి. చేర్పించిన ఏడాదికి రెండో ప్రశ్న వస్తుంది. సొంత రైఫిల్ కొనాలి, ఏది కొనాలి?

యూట్యూబ్ చూసి మొదలుపెడితే...

నెట్‌లో వెతికితే ముందు కనిపించేవి అమెరికా వీడియోలు. అక్కడ రూగర్ 10/22 మంచిదా, మార్లిన్ 60 మంచిదా అని దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. రెండూ .22 సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలుతుంది, తర్వాతి గుండు దానంతటదే ఎక్కుతుంది. మార్లిన్ 1960లో వచ్చింది, రూగర్ 1964లో. మార్లిన్‌లో గుండ్లు బ్యారెల్ కింద ఉండే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. రూగర్‌లో పది గుండ్ల చిన్న డబ్బా ఊడి వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మార్లిన్ అన్నీ కలిపి ఇచ్చిన ప్యాకేజీ, రూగర్ ఏ భాగమైనా మార్చుకోగల ప్లాట్‌ఫామ్. చివరికి 2020లో మార్లిన్ కంపెనీని రూగరే కొనేసింది.

ఆ వాదన వినడానికి బాగుంటుంది గానీ మనకి పనికొచ్చేది తక్కువ. మన దేశంలో ఏ .22 రైఫిల్‌కైనా లైసెన్సు కావాల్సిందే, సెమీ ఆటోమేటిక్ అంటే రూల్స్ ఇంకా గట్టివి. పైగా ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో దానికి చోటే లేదు. ఒక్కో గుండు చేత్తో పెట్టుకుని కాల్చాల్సిందే.

మరి మన పిల్లలు కాల్చేదేంటి? 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిళ్ల శక్తి ఏడెనిమిది జౌల్స్ దగ్గరే ఉంటుంది. అమ్మేవాళ్లు మాత్రం గుర్తింపు, చిరునామా పత్రాలు అడుగుతారు.

లాడ్ బజార్ లెక్క

మా ఆఫీసు ఫ్రెండ్ వాళ్ల నాన్నకి లాడ్ బజార్‌లో చిన్న గాజుల దుకాణం. ఫ్రెండ్ చెల్లెలు ఇంటర్ చదువుతోంది, రెండేళ్లుగా క్లబ్ రైఫిల్‌తో ప్రాక్టీస్ చేస్తోంది. రాష్ట్ర పోటీలు దగ్గర పడ్డాయి. ఇంట్లో దాచిన డబ్బు ఒక్క రైఫిల్‌కే సరిపోతుంది, తప్పు కొంటే ఇంకోటి కొనే పరిస్థితి లేదు. ఎదురుగా రెండు పేర్లు: వాల్తర్ ఎల్‌జీ 400, ఫైన్‌వెర్క్‌బావ్ 800. రెండూ జర్మనీవే. ఒకటి ఉల్మ్ ఊరి కంపెనీది, ఇంకోటి ఓబర్న్‌డార్ఫ్‌ది. రెండింటిలోనూ ముందే గాలి నింపిన సిలిండరే ఉంటుంది, పెల్లెట్ వేగం రెండింటిలోనూ సెకనుకి 170 మీటర్ల అటూ ఇటూ. ధర లక్షల్లోనే.

నేను లాప్‌టాప్‌లో పెద్ద ఎక్సెల్ షీట్ తయారు చేసి దుకాణానికి తీసుకెళ్లాను. చాచా అద్దాలు పైకి తోసి చూశారు.

"దోనోం ఏకీచ్ ఉన్నయ్ కదా బేటా, ఫరక్ ఏంది?"

"కాగితం మీద పెద్దగా లేదు చాచా."

"అయితే కాగితం పక్కన పెట్టు. గాజులు మేం ఎట్ల అమ్ముతం? ముందు చెయ్యి చూస్తం. రెండు నాలుగా, రెండు ఆరా, రెండు ఎనిమిదా? చెయ్యికి పట్టని గాజు ఎంత మెరిస్తే ఏం లాభం?"

కోచ్ మాట కూడా అదే. బిగించి కాలిస్తే ఈ స్థాయి రైఫిళ్లు రెండూ పది గుండ్లని ఒకే రంధ్రంలోంచి పంపేస్తాయట. తేడా అంతా పట్టుకున్న మనిషిలో వస్తుందట.

రెండు రోజుల పరీక్ష

క్లబ్‌లో ఇద్దరు సీనియర్లు తమ రైఫిళ్లు ఇచ్చారు. రెండింటినీ ఆ అమ్మాయి కొలతలకి సర్దారు. ఒకే బ్యాచ్ పెల్లెట్లు, ఒక్కోదానితో రోజుకి 40 షాట్లు. మొదటి రోజు వాల్తర్‌తో మూడు పాయింట్లు ఎక్కువొచ్చాయి. ఫ్రెండ్ ఎగిరి గంతేశాడు. రెండో రోజు ఫైన్‌వెర్క్‌బావ్‌తో రెండు పాయింట్లు ఎక్కువ. అంటే ఆ తేడా రైఫిల్‌ది కాదు, ఆ రోజుది. ఇంత తక్కువ షాట్లతో స్కోరు చూసి నిర్ణయిస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే.

అప్పుడు కోచ్ వేరే ప్రశ్నలు అడిగారు. ముప్పై షాట్ల తర్వాత మెడ ఎక్కడ లాగింది? కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి, తెరిస్తే సైట్ కంటికి ఎదురుగా ఉందా, తల కదిపి వెతుక్కోవాలా? ఎడమ చెయ్యి ఎముకల మీద బరువు నిలుస్తోందా, కండ మీద పడుతోందా?

ఆ అమ్మాయి వెంటనే చెప్పింది. "భయ్యా, రెండోదానితో ప్రతిసారీ చెంప వెతుక్కోవాల్సి వచ్చింది. మొదటిదానితో తల దానంతటదే కూర్చుంది." వాల్తర్ ఖాయమైంది. పక్క లేన్‌లో అదే వయసు అమ్మాయి అవే ప్రశ్నలకి ఫైన్‌వెర్క్‌బావ్ ఎంచుకుంది. ఇద్దరూ కరెక్టే.

చౌక బేరం

ఈలోగా ఒక సెకండ్ హ్యాండ్ రైఫిల్ బేరం వచ్చింది. ధర బాగా తక్కువ, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. చాచాకి మనసు లాగింది. కోచ్ సిలిండర్ తిప్పి తేదీ చూపించారు. గాలి సిలిండర్లకి సాధారణంగా పదేళ్లే గడువు. గడువు దాటిన సిలిండర్ లేకుండా చూసుకోవాల్సిన బాధ్యత అంతర్జాతీయ నిబంధనల ప్రకారం షూటర్‌దే. ఆ సిలిండర్‌కి ఇంకో అయిదు నెలలే ఉంది. కొత్త సిలిండర్, సీల్స్ మార్పిడి కలిపితే బేరం అంత చౌక కాదని తేలింది.

రైఫిల్‌తో ఖర్చు ఆగదు. జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లోవ్, పెల్లెట్లు, గాలి నింపించడం... ఇవన్నీ వేరే. గచ్చిబౌలి రేంజ్‌కి వెళ్లాలంటే చార్మినార్ నుంచి ఇరవై కిలోమీటర్ల పైమాటే. చాచా ముందే ఏడాది పెల్లెట్ల డబ్బు పక్కన పెట్టి, మిగిలిందే రైఫిల్‌కి కేటాయించారు. డబ్బంతా రైఫిల్ మీద పోసి ప్రాక్టీస్ ఆపేసిన పిల్లల్ని క్లబ్‌లో చాలామందిని చూశామని సీనియర్లే అన్నారు.

మీరు కొనబోతుంటే...

* మొదటి ఏడాది క్లబ్ రైఫిల్‌తోనే నడిపించండి. ఎదిగే పిల్లల కొలతలు మారుతూనే ఉంటాయి.
* ఎత్తు, చెంప, భుజం దగ్గరి సర్దుబాట్లు మీ పిల్ల కొలతకి వస్తాయో లేదో రేంజ్‌లోనే చూడండి. కేటలాగ్ చూసి కొనొద్దు.
* మీ క్లబ్‌లో ఏ కంపెనీ రైఫిల్‌కి రిపేరు చేసేవాళ్లున్నారో అడగండి. రెండూ సమానంగా నచ్చితే అటే మొగ్గండి.
* ఒక బ్యారెల్‌కి నచ్చిన పెల్లెట్ ఇంకోదానికి నచ్చదు. కొన్ని రకాలు పరీక్షించాకే ఎక్కువ డబ్బాలు కొనండి.
* సెకండ్ హ్యాండ్ అయితే ముందు సిలిండర్ తేదీ చూడండి, తర్వాతే ధర మాట్లాడండి.

ఇంకో ముఖ్యమైన మాట. లైసెన్సు అక్కర్లేదంటే బొమ్మ తుపాకీ అని కాదు. ఆ సీసం పెల్లెట్ కంటికి తగిలితే చూపు పోతుంది. ఒకదానికొకటి ఆనుకున్న పాతబస్తీ డాబాల మీద అస్సలు కాల్చకూడదు. ఇంట్లో చేయాల్సింది పెల్లెట్ లేకుండా రైఫిల్ ఎత్తి నిలబడే ప్రాక్టీసే. అది కూడా బ్యారెల్ ఖాళీగా ఉందని పెద్దవాళ్లు చూశాకే. మిగతా సమయంలో రైఫిల్ పెట్టెలో, పెట్టెకి తాళం, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి.