ఆంద్రే జిల్: అనుమతి పొందిన వ్యంగ్యము

ఎవనిని నవ్వులపాలు చేయనున్నామో వానియొద్దనే ముందుగా సమ్మతిపత్రము వ్రాయించుకొనవలెనన్నచో వ్యంగ్యమున వాడి ఏపాటి మిగులును? మూడవ నెపోలియను ఏలుబడిలో ఫ్రెంచి చిత్రకారుల స్థితి యిట్టిదే. 1852 ఫిబ్రవరి 17 నాటి శాసనముచే ప్రభుత్వానుమతి లేక ఏ చిత్రమును ప్రకటింపరాదు. చిత్రితుని సమ్మతి కూడ కావలెననుట ఆచారమయ్యెను. పత్రికావ్యాసములకు హెచ్చరికలును శిక్షలును ప్రచురణానంతరము వచ్చుచుండగా, బొమ్మకు మాత్రము ముందే సంకెల పడినది. బొమ్మ చదువురానివానిని గూడ వీథిలో నిలిపి నవ్వించును గదా!

ఈ నిర్బంధములోనే పేరు గడించినవాడు ఆంద్రే జిల్. ఇతడు 1840లో పారిసున జన్మించెను. అసలు పేరు లూయి ఆలెక్సాండ్ర్ గోసే ద గీన్. 'లా ల్యూన్' (చంద్రుడు) అను వారపత్రిక ముఖపత్రమున ఇతడు వ్రాసిన బొమ్మలలో పెద్దతల, చిన్నమొండెము కానవచ్చును. తలను పోలిక చెడకుండ, తఱచు అందముగనే దిద్దును. పరిహాసమంతయు మొండెమునందును, అది చేయు పనియందును ఉండును. 1869లో వ్రాసిన వాగ్నరు చిత్రమున ఆ సంగీతకర్త ఒక పెద్ద చెవిలో స్వరమును సుత్తితో దిగగొట్టుచుండును. చిత్రితులు వ్రాసిన సమ్మతిలేఖల ప్రతిరూపములను బొమ్మతోపాటు అచ్చువేయుటయు కలదు. సమ్మతించువానిని నొప్పింపరాదను అవసరమే ఈ పద్ధతిని కొంతవఱకు రూపొందించినదని నా తలంపు.

అయితే కల్పితపాత్రను సమ్మతి యడుగువాడెవడు? 1867 నవంబరులో జిల్, పోన్సోం ద్యు తెర్రాయి నవలానాయకుడగు రొకంబోలును సగము షోకిలాగను సగము ఖైదీగను చిత్రించెను. చదువరులు అందు చక్రవర్తినే పోల్చుకొనిరి. పత్రిక నిలిచిపోయెను. 1868 జనవరిలో అదే బృందము 'లెక్లిప్స్' (గ్రహణము) అను పత్రికను వెలువరించెను. చంద్రునికి గ్రహణము పట్టినదన్న ఆ చమత్కారమును తెలుగువారికి విప్పి చెప్పనక్కఱలేదు. ఆ సంవత్సరము ఆగస్టులో జిల్ ఒక కోసిన ఖర్బూజాపండును వ్రాసి 'మొస్యూ ఎక్స్' అని పేరుపెట్టెను. పండు సమ్మతిలేఖ వ్రాయజాలదు! జనులు అందు తలకొక పెద్దమనిషిని చూచిరి. ప్రభుత్వము అశ్లీలమని అభియోగము తెచ్చెను. ఏ ముఖమును లేని బొమ్మ ఇంత కలవరపెట్టుట గమనింపదగినది.

1871 పారిస్ కమ్యూను కాలమున జిల్ లుక్సంబూరు చిత్రశాల నిర్వాహకుడుగా నుండెను. తరువాత 1876 మొదలు 1879 వఱకు 'లా ల్యూన్ రూస్' (ఎఱ్ఱచంద్రుడు) నడపెను. మోమార్త్రులోని ఒక పానశాలకు ఇతడు వ్రాసియిచ్చిన కుందేటిబొమ్మనుబట్టి 'జిల్ కుందేలు' అను పేరు వచ్చి, ఉచ్చారణసామ్యముచే 'చురుకైన కుందేలు'గా మాఱినది.

1881 జూలై 29 నాటి పత్రికాశాసనము బొమ్మలపై ముందస్తు అనుమతిని తొలగించెను. ఆ యేడే జిల్‌కు మతి చలించెను. అతడు 1885 మే నెలలో షారాంతోను మానసిక చికిత్సాలయమున మరణించెను.